అలాస్కా మహామార్గం: గడ్డకట్టిన నేల నేర్పిన పాఠం

ఉష్ణశాస్త్రం చెప్పే సందర్భంలో మా విద్యార్థులను ఒక ప్రశ్న అడగడం నాకు అలవాటు. "మీ ముందు ఒక అడవి ఉన్నది. చెట్ల క్రింద అడుగు మందాన తడి నాచు. నాచు క్రింద నేల రాయివలె గడ్డకట్టి ఉన్నది. దానిమీదుగా లారీలు పోవడానికి బాట వేయాలి. మొదట ఏమి చేస్తారు?" తరగతిలో దాదాపు అందరిదీ ఒకే జవాబు: "చెట్లు కొట్టి, నాచు గీకి పారవేసి, గట్టినేలమీద బాట వేస్తామండీ."

ఈ జవాబు సబబుగానే కనిపిస్తుంది. మన ఊళ్ళలో రోడ్డు వేసేవారు చేసే పని అదే. మెత్తటి పైమట్టి తీసివేసి, గట్టినేల తగిలేవరకు తవ్వి, అక్కడినుంచి రాయి, కంకర, మట్టి పరిచి దిమ్మిస కొడతారు. 1942వ సంవత్సరంలో అమెరికా సైన్యపు ఇంజనీర్లు కూడా మా విద్యార్థుల జవాబే చెప్పారు. చెప్పి ఊరుకోలేదు, చేసి చూశారు. అప్పుడేమి జరిగిందో, దానినుంచి మానవుడు ఏమి నేర్చుకున్నాడో తెలిపే కథే అలాస్కా మహామార్గం చరిత్ర.

యుద్ధం తెచ్చిన తొందర

పటం తీసి చూస్తే ఉత్తర అమెరికా ఖండానికి వాయవ్యపు మూలలో అలాస్కా కనిపిస్తుంది. 1867లో అమెరికా దీనిని రష్యానుంచి కొన్నది. రాష్ట్రంగా చేర్చుకున్నది మాత్రం 1959లో. అమెరికా ప్రధానభూమికీ అలాస్కాకూ మధ్య కెనడా దేశం అడ్డుగా ఉన్నది. అక్కడికి పోవాలంటే ఓడలో పోవాలి, లేదా విమానంలో. 1940 నాటికి నేలమీద బాట లేదు.

1941 డిసెంబరు 7న జపాను విమానాలు పెరల్ హార్బర్‌పై దాడి చేశాయి. పసిఫిక్ సముద్రంలో ఓడల ప్రయాణం క్షేమం కాదని తేలిపోయింది. అలాస్కాను శత్రువు ముట్టడిస్తే అక్కడి సైన్యానికి తిండి, మందుగుండు చేరే దారి ఏది? 1942 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు రూజ్‌వెల్టు బాట నిర్మాణానికి అనుమతి ఇచ్చారు. భూమి కెనడా ఇవ్వాలి, ఖర్చు అమెరికా భరించాలి, యుద్ధం ముగిసిన ఆరునెలలకు తమ దేశంలోని భాగాన్ని కెనడా తీసుకోవాలి: ఇదీ ఒప్పందం. జూన్ నెలలో జపాను దళాలు అలూషియన్ దీవులలోని అట్టూ, కిస్కాలను ఆక్రమించడంతో తొందర ఇంకా పెరిగింది.

బాటకు దారి ఎంచుకున్న పద్ధతి కూడా యుద్ధపు అవసరంనుంచి పుట్టిందే. అప్పటికే కెనడా ప్రభుత్వం ఉత్తరారణ్యంలో విమానాలు దిగడానికి వరుసగా కొన్ని మైదానాలు సిద్ధం చేస్తూ ఉన్నది. ఫోర్ట్ సెయింట్ జాన్, ఫోర్ట్ నెల్సన్, వాట్సన్ లేక్, వైట్‌హార్స్ వాటిలో ముఖ్యమైనవి. విమానాలకు పెట్రోలు, విడిభాగాలు అందాలి కాబట్టి ఈ మైదానాలను కలుపుతూ బాట పోవాలని నిర్ణయించారు. నేల ఎక్కడ మంచిది అన్న ప్రశ్నకు రెండవ స్థానమే దక్కింది.

ఎనిమిది నెలల పని

రైలుమార్గం అప్పట్లో బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్ అనే చిన్న ఊరితో ఆగిపోయేది. 1942 మార్చిలో అక్కడ సైనికులు, బుల్డోజర్లు, లారీలు దిగడం మొదలైంది. డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ వరకు అప్పటి మైలురాళ్ళ లెక్కన 1,422 మైళ్ళు, అంటే సుమారు 2,290 కిలోమీటర్లు. అక్కడినుంచి ఫెయిర్‌బాంక్స్‌కు పూర్వమే ఒక రోడ్డు ఉన్నది.

ముందుగా ఒక రెజిమెంటు పీస్ నదిని దాని మంచుమీదుగానే దాటి, గడ్డకట్టిన కాలిబాటల వెంట ఫోర్ట్ నెల్సన్ చేరుకున్నది. వసంతంలో మంచు విడిపోతే యంత్రాలు నదికి ఇవతలే చిక్కుపడిపోతాయని వారి భయం. అందుచేత చలికాలం పూర్తికాకముందే యంత్రాలను అడవి లోపలికి చేర్చారు. ఆ తరువాత పని ఒక చివరనుంచి రెండవ చివరకు సాగలేదు. అనేకచోట్ల ఒకేసారి మొదలుపెట్టి, ఒక్కొక్క దళం ఎదుటి దళంవైపు అడవి నరుక్కుంటూ పోయింది.

పనిచేసిన సైనికులు పదివేలకు పైగా ఉన్నారు. వారిలో సుమారు మూడింట ఒకవంతు నల్లజాతివారు. ఆనాటి అమెరికా సైన్యంలో నల్లవారికి వేరే దళాలు, వేరే గుడారాలు. అలాస్కాలోని సేనాధిపతి జనరల్ సైమన్ బక్నర్ వారిని అసలు అక్కడికి పంపడానికే అభ్యంతరం చెప్పాడు. 95వ రెజిమెంటు అనే నల్లవారి దళానికి రావలసిన పెద్ద యంత్రాలను తెల్లవారి దళానికి ఇచ్చి, వీరికి పారలు, గొడ్డళ్ళు, రంపాలు ఇచ్చారు. ఆ చేతి పనిముట్లతోనే ఈ దళంవారు సికానీ చీఫ్ నదిమీద కొయ్యవంతెనను నాలుగురోజులకంటె తక్కువ కాలంలో కట్టి నిలబెట్టారు.

ప్రమాదాలూ జరిగాయి. 1942 మే 14న చార్లీ సరస్సుమీద సామానుతో, మనుషులతో పోతున్న పంటు గాలివానకు మునిగిపోయింది. దానిమీద ఉన్న 17 మందిలో 12 మంది చనిపోయారు. ఒడ్డున ఉన్న ఒక వేటగాడు చిన్నపడవలో పోయి తక్కిన అయిదుగురిని బయటికి తీశాడు.

సెప్టెంబరు 24న దక్షిణభాగపు దళాలు కలుసుకున్నాయి. ఆ చోటుకు కాంటాక్ట్ క్రీక్ అని పేరు వచ్చింది. ఉత్తరభాగంలో అక్టోబరు చివర, బీవర్ క్రీక్ దగ్గర, ఎదురెదురుగా అడవిని కూలుస్తూ వచ్చిన రెండు బుల్డోజర్లు కలుసుకున్నాయి. ఒకదానిని నడుపుతున్నవాడు 97వ రెజిమెంటుకు చెందిన నల్లజాతి సైనికుడు రెఫైన్స్ సిమ్స్. రెండవదానిని నడుపుతున్నవాడు 18వ రెజిమెంటుకు చెందిన తెల్లవాడు ఆల్‌ఫ్రెడ్ జలూఫ్కా. ఇద్దరూ చేతులు కలిపిన ఫోటో ఈనాటికీ చరిత్రపుస్తకాలలో కనిపిస్తుంది. నవంబరు 20న క్లువానీ సరస్సు పైనున్న కొండదగ్గర ప్రారంభోత్సవం జరిగింది. సైన్యంలో నల్ల, తెల్ల దళాల భేదాన్ని తొలగించవలసిందని అధ్యక్షుడు ట్రూమన్ 1948 జూలై 26న ఆజ్ఞ జారీచేశారు. అందుకు ఈ బాట ఒక్కటే కారణం అనలేము గాని, నల్లవారు ఉత్తరాదిలో పనికిరారన్న మాటకు బాట తానే జవాబైంది.

నేల కరిగిపోయింది

ఇక మన అసలు ప్రశ్నకు వద్దాం. దక్షిణభాగంలో చెట్లు పడగొట్టి, బురద తోసివేసి వేసిన బాట సాధారణంగా నిలిచింది. బురద ఎక్కువ ఉన్నచోట దుంగలు అడ్డంగా పేర్చి వాటిపై మట్టి పోశారు. కాని క్లువానీ సరస్సు దాటి, డాంజెక్ నది దాటి, బీవర్ క్రీక్ వైపు పోయినకొద్దీ ఇంజనీర్లకు అంతుపట్టని సంగతులు జరగసాగాయి.

బుల్డోజరు నాచును గీకివేస్తుంది. క్రింద నల్లటి నేల బయటపడుతుంది. ఉదయం అది ఇనుములాగా ఖంగుమంటుంది. వేసవికాలంలో ఆ అక్షాంశాల వద్ద సూర్యుడు రోజుకు పద్ధెనిమిది, ఇరవై గంటలు ఆకాశంలోనే ఉంటాడు. కొద్దిరోజులలో ఆ గట్టినేల మెత్తబడుతుంది, తరువాత జావ అవుతుంది. మెత్తబడిన మట్టిని మళ్ళీ తోసివేసి గట్టినేల చేరుకుంటే, అదికూడా కరుగుతుంది. తవ్వినకొద్దీ బురదే. లారీలు ఇరుసులదాకా దిగబడ్డాయి. వాటిని లాగడానికి వచ్చిన ట్రాక్టర్లు కూడా కూరుకుపోయాయి. దుంగలు పేర్చితే దుంగలు మునిగాయి. వాటిపై మరొక వరుస, ఆపైన ఇంకొక వరుస, ఇట్లా కొన్నిచోట్ల అయిదు వరుసలదాకా పేర్చవలసి వచ్చింది.

చివరకు పని చేస్తూనే వారు కిటుకు కనిపెట్టారు. నాచును ముట్టుకోకూడదు. బుల్డోజరును దించకుండా చెట్లను చేతితో నరకాలి. నరికిన చెట్లను, కొమ్మలను ఆ నాచుమీదనే పరచాలి. లారీలు అప్పటికే వేసిన బాటమీద నిలబడి, కంకరను తమ ముందుకు ఒలకబోస్తూ పోవాలి. బాట నేలలోకి దిగకుండా నేలపైన కూర్చోవాలి. ఈ పద్ధతి నిదానమైనదే అయినా బాట నిలిచింది.

ఐసు దిమ్మ, రంపపు పొట్టు

దీనిలో ఉన్న శాస్త్రం మనకు కొత్తదేమీ కాదు. వేసవిలో సోడా కొట్టువాడు ఐసు దిమ్మను ఎట్లా దాచుకుంటాడో చూశారు గదా! రంపపు పొట్టులోనో ఊకలోనో పాతిపెట్టి, పైన గోనెపట్టా కప్పుతాడు. పొట్టు రేణువుల మధ్య చిక్కుకున్న గాలి ఉష్ణాన్ని సులభంగా పోనీయదు. అందువల్ల ఎండలోకూడా ఐసు సాయంకాలందాకా ఉంటుంది. ఎవరైనా ఆ పొట్టును చెత్త అనుకొని ఊడ్చివేస్తే ఐసు గంటలో నీరవుతుంది. 1942లో బుల్డోజర్లు చేసిన పని ఇదే.

సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకంటె తగినంత తక్కువగా ఉన్న ప్రాంతాలలో, చలికాలంలో గడ్డకట్టిన నేలంతా వేసవిలో కరగదు. పైన కొద్ది అడుగులు మాత్రమే కరిగి, క్రిందిభాగం ఏటికేడాది గడ్డగానే మిగిలిపోతుంది. వరుసగా రెండేండ్లయినా సున్నా డిగ్రీలు దాటకుండా ఉన్న ఇట్టి నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. మనం శాశ్వత హిమభూమి అనుకోవచ్చు. సైబీరియాలో, ఉత్తర అలాస్కాలో దీని లోతు వందల మీటర్లు ఉంటుంది. యూకాన్ ప్రాంతంలో దీని ఉష్ణోగ్రత సున్నాకు కొద్దిగా మాత్రమే తక్కువ. అంటే అది కరగడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉన్నదన్నమాట.

నాచు ఇక్కడ రంపపు పొట్టుకంటె కూడా తెలివైన పని చేస్తుంది. వేసవిలో నాచు పైభాగం ఎండి, దానిలోని రంధ్రాలలో గాలి నిండుతుంది. అప్పుడది ఉష్ణాన్ని లోపలికి పోనీయదు. శరత్కాలంలో వానకు తడిసి, ఆ నీటితోసహా గడ్డకడుతుంది. మంచుగడ్డ నీటికంటె సుమారు నాలుగురెట్లు మంచి ఉష్ణవాహకం. అందుచేత చలికాలంలో నేలలోని వేడి దానిగుండా సులభంగా బయటికి పోతుంది. వేడిని లోనికి రానీయక, లోపలి వేడిని బయటికి పంపే ఒకవైపు తలుపువంటిదన్నమాట ఈ నాచు.

మరి కరిగితే అంత జావ ఎందుకు కావాలి? మట్టి గడ్డకట్టేటప్పుడు దాని సన్నటి రంధ్రాలగుండా క్రింది నీరు, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు, గడ్డకడుతున్న పొరవైపు ఎగబాకుతుంది. అక్కడ పలకలు పలకలుగా శుద్ధమైన మంచు పేరుకుంటుంది. కొన్ని నేలలలో ఘనపరిమాణంలో సగానికిపైగా మంచే ఉంటుంది. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల గుప్తోష్ణం కావాలి గనుక కరగడం నెమ్మదిగా సాగుతుంది. కాని మొదలైతే, వెలువడిన నీరు క్రిందికి ఇంకదు, క్రింద ఇంకా గడ్డనేల ఉన్నది కాబట్టి. మట్టి ఆ నీటిలో తేలిపోతుంది. మంచు ఉన్న స్థలం ఖాళీ అయినంతమేర నేల కుంగిపోతుంది. ఆ గుంటలో నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు ఎండను పీల్చి ఇంకా క్రిందిమంచును కరిగిస్తుంది. ఒకసారి ప్రారంభమైన చెడుగు తనను తానే పెంచుకుంటుంది.

మరొక భాషలో ఉండిపోయిన విజ్ఞానం

ఈ విషయాలు అప్పటికి లోకంలో ఎవరికీ తెలియవా? తెలుసు. రష్యావారికి బాగా తెలుసు. సైబీరియాలోని యాకూట్స్క్ పట్టణంలో షెర్గిన్ అనే వర్తక సంస్థ అధికారి 1828లో మంచినీటికోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. 1837 వరకు తవ్వినా, 116 మీటర్ల లోతుకు పోయినా, నీరు పడలేదు సరిగదా గడ్డనేలే అంతం కాలేదు. 1840-50 మధ్య మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ బావిలో దిగి లోతులవారీగా ఉష్ణోగ్రతలు కొలిచాడు. సైబీరియా రైలుమార్గం వేసేటప్పుడు ఇళ్ళు, కట్టలు కుంగడం చూసి రష్యా ఇంజనీర్లు ఈ విద్యను శ్రద్ధగా అభ్యసించారు. 1927లో సుమ్గిన్ ఈ విషయంపై పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

ఇదంతా రష్యన్ భాషలో ఉన్నది. అలాస్కా బాట వేసిన ఇంజనీర్లకు ఆ భాష రాదు. ఇంగ్లీషులో ఈ విషయంపై పెద్ద పుస్తకమే లేదు. బాట దెబ్బతిన్న తరువాత ఆ కొరత తీర్చినవాడు సైమన్ ముల్లర్. ఆయన రష్యాలో పుట్టి పెరిగి, అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం బోధించిన ఆచార్యుడు. సైన్యం కోరికపై రష్యన్ గ్రంథాల సారాన్ని కూర్చి 1943లో ఇంగ్లీషులో ఒక గ్రంథం సిద్ధం చేశాడు. పెర్మాఫ్రాస్ట్ అనే మాటను కల్పించినవాడుకూడా ఆయనే.

ఉపాధ్యాయులు ఈ ఘట్టాన్ని విద్యార్థులకు తప్పక చెప్పాలి. వంద సంవత్సరాలుగా లోకంలో ఉన్న విజ్ఞానం, తమకు తెలిసిన భాషలో లేకపోవడంచేత, పదివేలమందికి అక్కరకు రాలేదు. ఒక విషయాన్ని ఒక భాషనుంచి మరొక భాషలోకి తెచ్చిన మనిషి చేసిన ఉపకారం కొత్త యంత్రం కనిపెట్టినవాని ఉపకారానికి తీసిపోదు.

బాటపై ప్రయాణం

బాట వేయడం ఒక ఎత్తు, దానిపై లారీ నడపడం మరొక ఎత్తు. 1942-43 చలికాలం చాలా కఠినంగా వచ్చింది. పాదరసం సుమారు మైనస్ 39 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. ఈ బాటమీద అంతకంటె ఎక్కువ చలిలో లారీలు నడిచాయి. బీవర్ క్రీక్‌కు సమీపాన ఉన్న స్నాగ్ అనే విమానమైదానంలో 1947 ఫిబ్రవరి 3న మైనస్ 63 డిగ్రీలు నమోదైంది. ఉత్తర అమెరికా ప్రధానభూభాగంలో అంతటి చలి మరెక్కడా నమోదు కాలేదు.

అంత చలిలో ఇంజనులోని నూనె మైనంలా బిగిసిపోతుంది. కాబట్టి డ్రైవర్లు రాత్రింబవళ్ళు ఇంజను ఆపేవారు కాదు. ఆగిన ఇంజను తిరిగి నడవాలంటే నూనెతొట్టి క్రింద మంట పెట్టవలసి వచ్చేది. ఉక్కు పెళుసైపోయి, దెబ్బకు పుటుక్కున విరిగేది. టైర్లు ఒకవైపు చదునుగా బిగుసుకుపోయేవి. ఇవిగాక మరొక వింత శత్రువు ఉండేది. కొండవాలునుంచి ఊటనీరు చలికాలమంతా కారుతూ, బాటమీద పొరపై పొరగా గడ్డకట్టి, తూములను పూడ్చివేసి, ఒక్కొక్కచోట అడుగుల మందాన మంచుగోడ కట్టేది. నేలలోపల నీరు పోయే దారిని బాట మూసివేయడమే దీనికి ముఖ్యకారణం. 1943 వసంతంలో మంచు కరగగానే వరదలకు ఎన్నో కొయ్యవంతెనలు కొట్టుకుపోయాయి. సైన్యం వేసిన తొలిబాటను పౌర కంట్రాక్టర్లు ఏడాదిపాటు తిరిగి వేయవలసి వచ్చింది. 1946 ఏప్రిల్ 1న కెనడా తన భాగాన్ని స్వీకరించింది. 1948లో సామాన్య ప్రయాణికులకు బాట తెరిచారు.

అడవిలో ముందే ఉన్నవారు

పటంలో ఖాళీగా కనిపించినంతమాత్రాన ఆ అడవి నిర్మానుష్యం కాదు. కస్కా, ట్లింగిట్, దక్షిణ టుచోనీ మొదలైన జాతులవారు అక్కడ అనాదిగా వేటతో జీవిస్తున్నారు. కనుమలు ఎక్కడున్నవో, నది ఎక్కడ దాటవచ్చునో సర్వేదారులకు చూపినవారు వారే. చాలాచోట్ల బాట వారి కాలిదారుల వెంటనే పోయింది.

ఆ బాటవెంట వారు ఎరుగని వ్యాధులు వచ్చాయి. 1942-43లో టెస్లిన్ గ్రామంలో తట్టు, కోరింతదగ్గు, కామెర్లు, రక్తవిరేచనాలు ఒకదాని వెనుక ఒకటి వ్యాపించాయి. బాటమీద వచ్చిన కొత్తవారు విచ్చలవిడిగా వేటాడతారన్న భయంతో 1943లో క్లువానీ సరస్సు ప్రాంతాన్ని వన్యమృగ రక్షితప్రదేశం చేశారు. ఆ నిషేధం దక్షిణ టుచోనీవారికికూడా వర్తించింది. దానితో తాతతండ్రుల నాటి వేటభూమి వారికి దూరమైంది. ఒక దేశం తన రక్షణకై వేసుకున్న బాటకు మూల్యం చెల్లించినవారిలో, దానిని కోరనివారుకూడా ఉన్నారని చరిత్ర చదివేవారు గుర్తుంచుకోవాలి.

అదే తప్పు మరొకసారి

ముల్లర్ గ్రంథం వచ్చాక ఇక పొరపాటు జరగదని అనుకోవచ్చు. అట్లా కాలేదు. 1968లో అలాస్కా ఉత్తరతీరాన ప్రూడో బే వద్ద పెద్ద చమురునిధి బయటపడింది. సామాను చేరవేయాలన్న ఆత్రంలో ఆ చలికాలంలోనే, గవర్నర్ వాల్టర్ హికెల్ నిర్ణయంపై, ఉత్తరానికి ఒక శీతకాలపు బాట తెరిచారు. మళ్ళీ బుల్డోజర్లు నాచును, పైనేలను గీకివేశాయి. 1969 వసంతం రాగానే ఆ బాట కుంగి నీటికాలువ అయింది. జనం దానిని హికెల్ కాలువ అని ఎగతాళి చేశారు. ఈసారి భాష అడ్డంకి కాదు, పుస్తకం ఇంగ్లీషులోనే ఉన్నది. పుస్తకం ఉండడం వేరు, తొందరలో ఉన్నవాడు దానిని తెరవడం వేరు.

తరువాత 1974లో చమురుగొట్టం నిర్మాణంకోసం వేసిన రోడ్డు మాత్రం పాఠం నేర్చుకున్న రోడ్డు. యూకాన్ నదినుంచి ప్రూడో బే వరకు సుమారు 360 మైళ్ళు. ఏప్రిల్ 29న మొదలై సెప్టెంబరు 29న పూర్తి అయినది. దక్షిణాన లివెన్‌గుడ్ నుంచి అంతకుముందే వేసిన భాగంతో కలిపి 414 మైళ్ళు, అంటే 666 కిలోమీటర్లు. దీనినే నేడు డాల్టన్ హైవే అంటారు. టండ్రాను చెక్కుచెదరనీయక, దానిపైన మూడునుంచి ఆరు అడుగుల మందాన కంకర పోశారు. కంకర బరువును మోస్తుంది, ఉష్ణాన్ని ఆపుతుంది. వేసవిలో కరిగే పొర ఆ కంకరలోపలే ఉండిపోయి, క్రింది హిమభూమి పదిలంగా ఉంటుందని లెక్క. వేడిగా ఉండే చమురుగొట్టాన్ని, కరిగే నేల ఉన్నచోట భూమిలో పాతక, స్తంభాలమీద నిలిపారు. ఆ స్తంభాలలో అమ్మోనియా నింపిన గొట్టాలు పెట్టారు. నేలలోని వేడికి అమ్మోనియా ఆవిరై పైకి లేచి, చలిగాలికి తిరిగి ద్రవమై క్రిందికి జారుతుంది. ఇట్లా నేల వేడిని చలికాలమంతా అది పైకి మోసుకుపోతుంది. నాచు చేసే పనినే ఇక్కడ లోహంతో చేయించారు.

డాల్టన్ రోడ్డు చివరవరకు సామాన్యులకు తెరిచినది 1994లో. నేటికీ చాలాభాగం కంకరరోడ్డే. కోల్డ్‌ఫుట్ అనే విడిది దాటితే ఉత్తరపు చివర డెడ్‌హార్స్ వరకు 240 మైళ్ళు పెట్రోలుబంకుగాని, హోటలుగాని లేవు. దారిలో అటిగన్ కనుమ వద్ద పర్వతశ్రేణిని దాటాలి. చలికాలంలో మంచుచరియలు విరిగిపడుతుండగా, చీకటిలో, అక్కడ భారీ లారీలు నడుస్తూనే ఉంటాయి.

నేటి సమస్య

నాచును కాపాడి, కంకర మందంగా పోసినంతమాత్రాన కథ ముగియలేదు. ఇప్పుడు గాలే వేడెక్కుతున్నది. భూగోళపు సగటుకంటె ఉత్తరధ్రువప్రాంతం చాలా వేగంగా వేడెక్కుతున్నది. సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే తక్కువగా ఉన్న హిమభూమికి ఆ కొద్దిపాటి వేడే చాలు. 1942లో ఇంజనీర్లను ఏడిపించిన బర్వాష్ లాండింగ్, బీవర్ క్రీక్ ప్రాంతంలోనే నేటి తారురోడ్డు కూడా అలలవలె కుంగుతున్నది. దానిని సరిచేయడానికి ఏటేటా ఖర్చు తప్పడం లేదు.

రోడ్డే దీనికి కొంత కారణం. నల్లటి తారు ఎండను పీలుస్తుంది. చలికాలంలో రోడ్డుమీది మంచును తోసి ప్రక్కలకు కుప్పవేస్తారు. ఆ మంచుకుప్ప దుప్పటివలె కప్పుకొని, చలిని కట్ట అంచులలోకి పోనీయదు. చలి లోపలికి పోకపోవడమే అక్కడ ప్రమాదం! బీవర్ క్రీక్ దగ్గర 2008లో ఏర్పాటుచేసిన ప్రయోగస్థలంలో శాస్త్రజ్ఞులు పలు ఉపాయాలు పరీక్షించారు. లేతరంగు పూత వేసిన రోడ్డు, కట్టలకు ప్రక్కన మంచు పడకుండా పందిళ్ళు, పెద్ద రాళ్ళతో కట్టిన కట్టలు వాటిలో ఉన్నాయి. పెద్ద రాళ్ళ సందులలో చలికాలపు బరువైన చల్లగాలి క్రిందికి దిగి, లోపలి వెచ్చటి గాలిని పైకి తోస్తుంది. వేసవిలో ఆ చల్లగాలి లోపలే నిలిచిపోతుంది. టిబెట్టులో లాసా వరకు 2006లో పూర్తిచేసిన రైలుమార్గంలో కూడా ఇదే సూత్రం వాడారు. ఇవి పనిచేస్తాయి గాని, ఖర్చు ఎక్కువ. వందల కిలోమీటర్ల పొడవున ఇట్లా చేయగల దేశం ఏది? డాల్టన్ రోడ్డుమీద ఒకచోట, కొండవాలున కదిలివస్తున్న గడ్డకట్టిన మట్టిరాశికి దారి ఇచ్చి, 2018లో రోడ్డునే దూరంగా జరపవలసి వచ్చింది.

పాఠశాలలో చేయదగిన ప్రయోగం

ఈ సూత్రాన్ని తరగతిలో చూపడం తేలిక. ఒకే కొలత గల రెండు రేకుడబ్బాలలో తడి మట్టిని నింపి, శీతలయంత్రంలో ఒక రాత్రి గడ్డకట్టనీయండి. మట్టిలో నీరు కొంచెం ఎక్కువగానే ఉండాలి. మరునాడు రెండింటినీ ఎండలో పెట్టండి. ఒకదానిపై రెండంగుళాల మందాన రంపపు పొట్టుగాని ఊకగాని పరచి, దానిపై చిన్న ఇనుపబిళ్ళ ఉంచండి. రెండవదానిపై వట్టి మట్టిమీదనే అట్టిదే బిళ్ళ ఉంచండి. ఏ బిళ్ళ ఎంతసేపటికి ఎంతలోతు దిగినదో పదినిమిషాలకొకసారి విద్యార్థులచేత కొలిపించి పట్టిక వ్రాయించండి. పట్టిక పూర్తయ్యాక, మొదట నేను చెప్పిన ప్రశ్న వారిని మళ్ళీ అడగండి.

ఈసారి నాచును ఎవరూ గీకిపారవేయరు. క్రింద ఏమున్నదో తెలియకముందే పైపొరను చెత్త అనుకోరాదని వారికి అర్థమవుతుంది. అలాస్కా బాట వేసినవారు ఈ సంగతిని బురదలో నిలబడి, ఒక సంవత్సరం కష్టపడి నేర్చుకున్నారు. మన పిల్లలకు రెండు డబ్బాలు, ఒక మధ్యాహ్నం చాలు.